టీకా – గుర్తు, వ్యాఖ్య: ఉత్తర తెలంగాణ నుండి ఒక చారిత్రక పరిశీలన

తెలుగులో ‘టీకా’ అనే పదానికి రెండు ప్రసిద్ధార్థాలున్నాయి. ప్రబంధం చదివే విద్యార్థికి టీకా అంటే పద్యంలోని కఠిన పదాలకు అర్థం విప్పి చెప్పే వ్యాఖ్య. ‘టీకాతాత్పర్య సహితం’ అని అట్టమీద అచ్చయిన పుస్తకాలు ఏ తెలుగు శాఖ గ్రంథాలయంలోనైనా కనిపిస్తాయి. ఉపకేంద్రం ముందు బిడ్డను చంకనెత్తుకొని నిలుచున్న తల్లికి మాత్రం టీకా అంటే సూది. మొదటిది సంస్కృతం నుండి నేరుగా వచ్చిన శాస్త్ర పదం. రెండవది ఉత్తరాది భాషలలో నుదుటి బొట్టుకు, గుర్తుకు వాడే మాట. మశూచి రాకుండా చేతిపై పెట్టే గాటుకు, ఆ గాటు మిగిల్చే మచ్చకు అది పేరై, తరువాత మన భాషలో చేరింది. రెండింటికీ ఒకే మూలమని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. రూపం ఒక్కటే, దారులు వేరు.

ఈ పదచర్చతో వ్యాసాన్ని ప్రారంభించడానికి కారణం ఉంది. టీకాల చరిత్రను సాధారణంగా వైద్యుల విజయగాథగానో, లేదా ప్రజల మూఢవిశ్వాసంపై విజ్ఞానం సాధించిన గెలుపుగానో రాస్తారు. ఇటీవలి కాలంలో దానికి వ్యతిరేక దిశలో, టీకాలన్నీ వ్యాపార కుట్ర అనే వాదమూ వినవస్తోంది. రెండు కథనాలూ ఒక విషయాన్ని పట్టించుకోవు. గడచిన రెండు శతాబ్దాలలో పాలకులు ప్రజల శరీరాలపై గుర్తు వేయడంలో చూపిన శ్రద్ధను, దాని అర్థాన్ని విప్పి చెప్పడంలో చూపలేదు. టీకా వల్ల కలిగిన మేలు ఎక్కువగా మొదటి అర్థంలోని టీకా లేకుండానే జరిగింది. జరిగిన కీడులో చాలా భాగం మాత్రం ఆ వ్యాఖ్య లేకపోవడం వల్లనే జరిగింది. ఈ ప్రతిపాదనను ఉత్తర తెలంగాణను, అందులోనూ పూర్వపు కరీంనగర్ జిల్లాను దృష్టిలో ఉంచుకొని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

పోచమ్మ ఏలిన ఊరు

హుస్నాబాద్ 2016 వరకు కరీంనగర్ జిల్లాలో ఉండి, జిల్లాల పునర్వ్యవస్థీకరణలో సిద్దిపేట జిల్లాకు చేరింది. ఈ పట్టణం చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్ళినా ఊరి అంచున, తరచుగా వేపచెట్టు నీడన, మనిషి వంగి లోపలికి చూడవలసినంత చిన్న గుడి ఒకటి కనిపిస్తుంది. అది పోచమ్మ గుడి. ఆమెకు బ్రాహ్మణ పూజారి ఉండడు. చాకలి, కుమ్మరి వంటి కులాలవారే అర్చన చేస్తారు. బోనం, వేపమండలు, పసుపు నీళ్ళు, సాక ఆమెకు ప్రీతి. బోనాల వేడుక నేడు రాజధాని పండుగగా, రాష్ట్ర పండుగగా పేరు పొందింది కాని, ఆ మొక్కు వెనుక ఉన్నది ఒకనాటి భయం. పోచమ్మ మశూచి దేవత.

ఈ వ్యాధికి తెలుగులో ఉన్న పేర్లను పక్కపక్కన పెట్టి చూస్తే రెండు రకాల జ్ఞానం కనిపిస్తుంది. ‘మశూచి’ ఆయుర్వేద గ్రంథాలలోని మసూరికా శబ్దానికి సంబంధించినది. మసూరి పప్పు గింజల వంటి పొక్కులను బట్టి పుట్టిన పేరు. ‘స్ఫోటకం’ కూడా పొక్కును చెప్పే సంస్కృత పదమే. ఇవి రోగాన్ని వర్ణిస్తాయి. జనం నోట వీటి స్థానంలో ‘అమ్మవారు పోసింది’, ‘తల్లి పోసింది’ అన్న మాటలే వినిపించేవి. ఇక్కడ కర్త రోగం కాదు, దేవత. రోగి అనుభవించేవాడు మాత్రమే. ‘పోయు’ అనే క్రియతో పోచమ్మ పేరును ముడిపెట్టి చెప్పేవారున్నారు. దానిని నిరుక్తిగా నిలబెట్టడం కష్టమే కాని, వినేవారికి ఆ ధ్వని సహజంగానే తోస్తుంది. తట్టును, ఆటలమ్మను కూడా ఇదే కుటుంబంలో చేర్చి, పెద్దదీ చిన్నదీ అని వేరుచేసి చూడగలిగిన అనుభవం ఆ జనానికి ఉండేది. నేటి వైద్యశాస్త్రం ఈ మూడింటికీ వేర్వేరు వైరస్‌లను చూపిస్తుంది.

అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవారు. పరాయివారు లోపలికి రారు. ఇంట్లో తాలింపు వేయరు. రోగి ఒంటికి వేపాకు, పసుపు. తినడానికి చలువ చేసే ఆహారం. పొక్కులు ఎండి రాలిన తరువాతనే తలంటు. ఇందులో రోగిని వేరుగా ఉంచడమనే ప్రయోజనం ఉన్నదని, ఇది మన పూర్వుల విజ్ఞానమని ప్రశంసించడం ఈ మధ్య పరిపాటి అయింది. వేరుగా ఉంచడం వాస్తవమే. అయితే మశూచి సోకినవారిలో నూటికి ఇరవై నుండి ముప్పై మంది వరకు మరణించేవారన్నదీ వాస్తవమే. బతికిన వారిలో కొందరికి చూపు పోయేది, ముఖం నిండా మచ్చలు మిగిలేవి. వేపమండ వ్యాప్తిని కొంత తగ్గించి ఉండవచ్చు, మరణాన్ని ఆపలేదు. పోచమ్మ కోపాన్ని చల్లార్చడం తప్ప మరో దారి లేని సమాజం ఆ దారిని ఎంతో క్రమశిక్షణతో నడిచింది. గౌరవించవలసింది ఆ క్రమశిక్షణను.

గాటు నుండి ఆవుపొక్కు వరకు

మశూచిని మశూచితోనే ఎదుర్కొనే పద్ధతి ఒకటి భారతదేశంలో, ముఖ్యంగా బెంగాల్, ఒడిశా ప్రాంతాలలో, ఆంగ్లేయుల రాకకు ముందే ఉండేది. తేలికగా మశూచి సోకిన వ్యక్తి పొక్కులోని ద్రవాన్ని దాచి, మరుసటి ఏడు ఆరోగ్యవంతుల చేతిపై చిన్న గాటు పెట్టి అందులోకి ఎక్కించేవారు. ఈ పని చేసేవారిని టీకాదారులు అనేవారు. 1767లో హాల్వెల్ అనే ఆంగ్ల వైద్యుడు లండన్‌లో ఈ పద్ధతిని వర్ణిస్తూ ఒక గ్రంథం ప్రకటించాడు. సహజంగా సోకిన మశూచితో పోలిస్తే ఈ పద్ధతిలో మరణాలు చాలా తక్కువ. నూటికి ఒకటి రెండు. కాని ఎక్కించినది అసలు మశూచే కనుక, టీకా వేయించుకున్నవాడు పొరుగువాడికి నిజమైన వ్యాధిని అంటించగలడు. ఒకరి రక్షణ మరొకరికి ప్రమాదం కావడమనే చిక్కు టీకా చరిత్రలో తొలినాటి నుండీ ఉన్నదని గమనించాలి. ఈ చిక్కు 2016లో హైదరాబాద్‌లో మరో రూపంలో తిరిగి కనిపిస్తుంది.

1796 మే 14న ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ మశూచికి బదులు ఆవులకు వచ్చే తేలికపాటి పొక్కు ద్రవాన్ని ఎనిమిదేళ్ళ బాలుడు జేమ్స్ ఫిప్స్ చేతికి ఎక్కించాడు. తరువాత అసలు మశూచి ద్రవం ఎక్కించినా ఆ బాలుడికి వ్యాధి రాలేదు. లాటిన్‌లో ఆవుకు ‘వక్కా’ అని పేరు. ‘వ్యాక్సిన్’ అందులో నుండి పుట్టింది. ఆవుతో సంబంధం లేని మందులకు కూడా అదే పేరు వాడాలని 1881లో లూయీ పాశ్చర్ ప్రతిపాదించాడు.

ఆనాడు శీతల పెట్టెలు లేవు. ద్రవం వేడికి చచ్చిపోతుంది. అందువల్ల దానిని మనుషుల చేతుల మీదుగానే నడిపించారు. ఒక బిడ్డకు ఎక్కించి, వారం రోజులకు ఆ బిడ్డ పొక్కు నుండి తీసి మరొక బిడ్డకు ఎక్కించేవారు. కాన్‌స్టాంటినోపుల్, బాగ్దాద్, బస్రాల మీదుగా అది బొంబాయికి చేరింది. 1802 జూన్ 14న అక్కడ మూడేళ్ళ అన్నా డస్ట్‌హాల్ అనే పాపకు వేసిన టీకా ఈ దేశంలో మొదటిదిగా నమోదైంది. ఆ పాప చేతి నుండి తీసిన ద్రవమే పూనా, సూరత్, హైదరాబాద్, మద్రాసు, సిలోన్‌లకు పోయింది. నిజాం రాజధానికి టీకా అంత తొందరగా చేరింది కాని, ఎలగందుల జిల్లాగా ఉన్న నాటి కరీంనగర్ పల్లెలకు, రాజధానికి మధ్య ఉన్న దూరం కోసులతో కొలిచేది కాదు.

చేతి నుండి చేతికి నడిచే ఈ పద్ధతిలో రెండు లోపాలున్నాయి. ద్రవంతోపాటు సవాయి వంటి ఇతర రోగాలూ ఒకరి నుండి మరొకరికి పోయేవి. రెండవది సామాజికం. ద్రవం ఎవరి బిడ్డ ఒంటి నుండి వచ్చిందన్న ప్రశ్న కుల సమాజంలో చిన్నది కాదు. తరచుగా పేద, దళిత కులాల పిల్లలనే ద్రవం కోసం ఊరూరా తిప్పేవారు. పొక్కును మళ్ళీ మళ్ళీ గుచ్చడం బాధాకరం. తల్లులు పిల్లలను దాచేవారు. పై కులాలవారు ఆ ద్రవాన్ని నిరాకరించేవారు. డేవిడ్ ఆర్నాల్డ్ వంటి చరిత్రకారులు ప్రజల వ్యతిరేకతను కేవలం అజ్ఞానంగా చూడరాదని చెప్పింది ఇందుకే. తల్లి బిడ్డను దాచినది దేవతకు భయపడి మాత్రమే కాదు, టీకాదారు చేతిలోని కత్తిని చూసి కూడా. తరువాత దూడల ఒంటిపై ద్రవం పెంచే పద్ధతి వచ్చాక ఈ చిక్కు తీరింది. మద్రాసు గిండీలో 1899లో నెలకొన్న కింగ్ సంస్థ దక్షిణాదిలో ఈ ఉత్పత్తికి కేంద్రమైంది. దూడను వాడడం పట్ల కొత్త అభ్యంతరం పుట్టిందని వేరే చెప్పనక్కరలేదు.

ఎల్లిస్ రాసిన ‘టీకా’

ఇక్కడ తెలుగు శాఖవారికి బాగా పరిచితుడైన ఒక వ్యక్తి ప్రవేశిస్తాడు. ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ మద్రాసు కలెక్టరు. 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికా వ్యాఖ్యలో, తెలుగు సంస్కృతజన్యం కాదని, దక్షిణ భారత భాషలది ప్రత్యేక కుటుంబమని కాల్డ్‌వెల్‌కు నలభై ఏళ్ళ ముందే నిరూపించినవాడు. ద్రావిడ భాషాశాస్త్ర చరిత్ర ఆయనతోనే మొదలవుతుంది.

అదే ఎల్లిస్ టీకా ప్రచారం కోసం ఒక పురాణ శైలి రచన చేశాడు. అందులో శక్తి దేవికీ ధన్వంతరికీ మధ్య సంభాషణ నడుస్తుంది. మశూచి నుండి మనుషులను కాపాడడానికి గోవు పొదుగుపై పుట్టే పొక్కు ద్రవాన్ని దేవి ప్రసాదించినట్లు, పంచగవ్యాలకు అది ఆరవదిగా చేరినట్లు అందులో ఉంటుంది. ఆవు నుండి వచ్చినది కనుక హిందువులు కాదనరని ఆయన ఊహ. ఆ తరువాత ప్రాచీన భారతీయులకు జెన్నర్ పద్ధతి ముందే తెలుసునన్న వాదం పత్రికలకెక్కింది, యూరప్ వైద్య గ్రంథాలలో కూడా చోటు సంపాదించింది. డొమినిక్ వుజాస్టిక్ 1987లో ఈ వాదాన్ని పరిశీలించి, చరక సుశ్రుతాదులలో ఎక్కడా దానికి ఆధారం లేదని చూపి, దీనిని ‘పవిత్ర వంచన’ కోవలో చేర్చాడు. నేటికీ అప్పుడప్పుడు సభలలో ఆ ధన్వంతరి శ్లోకాల ప్రస్తావన వినిపిస్తూనే ఉంటుంది.

ఎల్లిస్‌ను తేలికగా మోసగాడని కొట్టివేయడం న్యాయం కాదు. కొత్త విషయాన్ని ప్రజల భాషలో, ప్రజల దేవత నోట చెప్పించాలని ప్రయత్నించిన అధికారులు అరుదు. ఆయన మనస్సులో ఉన్నది నిజంగానే ఒక వ్యాఖ్య రాయాలన్న తలంపు. అయితే మూలం లేని వ్యాఖ్య అది. ప్రజలకు నిజం చెబితే అర్థం కాదు, వారికి తగిన కథ చెప్పాలి అన్న నమ్మకం దాని పునాది. భాషల విషయంలో సాక్ష్యం లేనిదే ఒక్క అడుగు వేయని పండితుడు, ప్రజల శరీరాల విషయంలో సాక్ష్యాన్ని కల్పించుకున్నాడు. ఈ వైరుధ్యం ఎల్లిస్ ఒక్కడిది కాదు.

శరీరం ఎలా జ్ఞాపకం పెట్టుకుంటుంది

ఎల్లిస్ చెప్పవలసి ఉండిన నిజం ఆయన కాలానికి ఎవరికీ పూర్తిగా తెలియదన్నది నిజమే. నేడు తెలుసు. శరీరంలోకి సూక్ష్మజీవి ప్రవేశించినప్పుడు రక్తంలోని తెల్లకణాలు దాని పైపొరలోని ఆకృతులను గుర్తుపట్టి, వాటికి సరిగ్గా అతుక్కునే ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. మొదటిసారి ఈ పనికి రోజులు, వారాలు పడుతుంది. ఆలోగా రోగి మరణించవచ్చు. కోలుకుంటే మాత్రం ఆ ఆకృతిని గుర్తుంచుకున్న కణాలు కొన్ని మిగులుతాయి. అదే జీవి రెండవసారి వస్తే స్పందన వెంటనే ఉంటుంది. టీకా ఈ జ్ఞాపకాన్ని రోగం లేకుండా కలిగిస్తుంది. అందుకు బంధువైన తేలికపాటి జీవిని వాడవచ్చు; ఆవుపొక్కు అటువంటిదే. బలహీనపరచిన జీవిని వాడవచ్చు. పోలియో చుక్కలు, తట్టు టీకా ఈ కోవకు చెందినవి. చంపిన జీవిని, దాని విషాన్ని నిర్వీర్యం చేసిన రూపాన్ని, లేదా పైపొరలోని ఒక్క ముక్కను మాత్రమే కూడా వాడవచ్చు. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ సంస్థ తెచ్చిన హెపటైటిస్-బి టీకా చివరి రకానిది; వైరస్ పైపొర ముక్కను ఈస్టు కణాలలో పెంచి తీసినది.

ఊరిలో అత్యధికులకు ఈ జ్ఞాపకం ఉంటే రోగం ఒకరి నుండి మరొకరికి దాటడానికి దారి దొరకదు. టీకా వేయడానికి వీలుకాని పసికందు, జబ్బుమనిషి కూడా పొరుగువారి వల్ల రక్షణ పొందుతారు. తట్టు విషయంలో నూటికి తొంభై ఐదుగురికి రక్షణ ఉంటే తప్ప ఈ కట్ట నిలవదు. టీకా వ్యక్తిగత వైద్యం కాక సామాజిక ఒప్పందం అయ్యేది ఇక్కడే. జ్వరం, నొప్పి, బహు అరుదుగా తీవ్రమైన హాని భరించేది ఒక శరీరం, ప్రయోజనం ఊరంతటికీ. మశూచి టీకా కూడా తొలిసారి వేయించుకున్న పది లక్షల మందిలో ఒకరిద్దరి ప్రాణం తీసేది. కోట్ల మందిని కాపాడిన లెక్క ముందు అది అతి స్వల్పం. ఆ ఒకరి ఇంట్లో మాత్రం అది లెక్క కాదు.

నిర్మూలన

1962లో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం ప్రారంభమైంది. గుండ్రని పళ్ళ చక్రాన్ని చర్మంపై ఒత్తి తిప్పే పరికరంతో టీకాలు వేసేవారు. హుస్నాబాద్ బస్టాండులోనో, అంగడిలోనో డెబ్బై ఏళ్ళు దాటిన వారి చేతిని చూడండి: రూపాయి బిళ్ళంత, లోతుకు దిగిన మచ్చలు ఒకటో రెండో ఉంటాయి. తరువాతి తరానికి భుజం దగ్గర క్షయ టీకా వదిలిన చిన్న మచ్చ మాత్రమే. వారి మనవలకు మశూచి మచ్చ అంటే ఏమిటో తెలియదు. ఉత్తర తెలంగాణ ఆధునిక చరిత్రకు ఇంతకంటే విస్తృతమైన లిఖిత సాక్ష్యం మరొకటి లేదని నా అభిప్రాయం. మన పరిశోధకులు దానిని చదవలేదు. ఆ మచ్చలను మోస్తున్న వారి జ్ఞాపకాలను సేకరించడానికి మిగిలిన కాలం ఎక్కువ లేదు.

దేశమంతటా టీకాలు వేసుకుంటూ పోవడం కన్నా, కేసు కనిపించిన చోటును చుట్టుముట్టి ఆ చుట్టుపక్కల వారందరికీ వేయడం మేలని తరువాత తేలింది. వేడికి తట్టుకొనే పొడి మందు, రెండు మొనల సూది ఇందుకు తోడ్పడ్డాయి. దక్షిణాదిలో వ్యాధి ముందే తగ్గింది. చివరి ఘట్టం బీహార్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్‌లలో నడిచింది. 1974లో దేశంలో సుమారు 1,88,000 కేసులు నమోదైతే, 1975 మే తరువాత ఒక్కటీ లేదు. చివరి రోజులలో కేసు చూపినవారికి వెయ్యి రూపాయల బహుమతి ప్రకటించారు. 1980 మేలో ప్రపంచ ఆరోగ్య సభ మశూచి భూమిపై లేదని ప్రకటించింది. మానవ చరిత్రలో ఒక మానవ వ్యాధిని పూర్తిగా తుడిచివేసిన ఏకైక ఉదాహరణ ఇది.

ఈ ఘనతకు మరో పార్శ్వం ఉన్నది. తలుపులు పగులగొట్టి, రాత్రివేళ ఇళ్ళలోకి చొరబడి, వద్దన్నవారిని పట్టుకొని టీకాలు వేసిన ఘటనలను పాల్ గ్రీనో 1995లో ప్రకటించిన పరిశోధనలో నమోదు చేశాడు. బలవంతం లేకుండా మశూచి పోయేదా అన్న ప్రశ్నకు చరిత్రకారుల మధ్య ఏకాభిప్రాయం లేదు. నాకు తోచినంతలో, కొన్ని చోట్ల ఆలస్యంగానైనా పోయేదే. ఎందుకంటే ఎక్కువ గ్రామాలలో పని జరిగింది స్థానిక కార్యకర్తల మాట వల్లనే. కాని ఆలస్యమైన ప్రతి నెలా మరణాలే కనుక, ఈ మాట కాగితం మీద రాయడం తేలిక.

మశూచి పోయినా పోచమ్మ పోలేదు. బోనం ఆగలేదు. దేవతను నమ్మేవారు టీకాను తిరస్కరిస్తారన్న వలసకాలపు అంచనా ఎంత తప్పో దీనివల్ల తెలుస్తుంది. ఉపకేంద్రంలో బుధ, శనివారాలలో బిడ్డకు సూది వేయించి, దారిలో పోచమ్మకు మొక్కి ఇంటికి వెళ్ళే తల్లికి ఈ రెండింటి మధ్య వైరం కనిపించదు.

అంబర్‌పేట మురుగునీరు

పోలియోపై 1995లో మొదలైన పల్స్ పోలియో కార్యక్రమం తెలుగు ఇళ్ళలో ‘రెండు చుక్కలు’ అన్న పేరుతో స్థిరపడింది. 2009లో కూడా దేశంలో 741 పోలియో కేసులుండగా, 2011 జనవరి 13 తరువాత సహజ వైరస్ వల్ల ఒక్క కేసూ రాలేదు. 2014 మార్చి 27న దేశం పోలియో రహితమని ధ్రువపడింది.

అయితే చుక్కలలో ఉన్నది బలహీనపరచిన సజీవ వైరస్. అది బిడ్డ పేగులలో పెరిగి, మలం ద్వారా బయటికి వచ్చి, ఇతర పిల్లలకు కూడా పరోక్షంగా రక్షణ ఇస్తుంది. అదే దాని బలం. టీకాలు తక్కువగా అందిన చోట అది చాలాకాలం తిరిగితే మారుతూ మారుతూ తిరిగి పక్షవాతం తెచ్చే శక్తి సంపాదించవచ్చు. అదే దాని బలహీనత. టీకా వేసుకున్న బిడ్డకే పక్షవాతం రావడం ఇరవై ఏడు లక్షల మొదటి మోతాదులకు ఒక్కటిగా అంచనా వేశారు. సహజ వైరస్‌లలో రెండవ రకం 1999 తరువాత ప్రపంచంలో కనిపించలేదు కనుక, చుక్కల నుండి ఆ రకాన్ని 2016 ఏప్రిల్‌లో అన్ని దేశాలూ తొలగించాయి. రెండు నెలలు కూడా గడవకముందే హైదరాబాద్ అంబర్‌పేట ప్రాంతపు మురుగునీటి నమూనాలో టీకా నుండి పుట్టిన రెండవ రకం వైరస్ బయటపడింది. జూన్ 20 నుండి 26 వరకు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాలలో దాదాపు మూడు లక్షల మంది పిల్లలకు చంపిన వైరస్‌తో చేసిన సూది టీకా వేశారు. ఏ బిడ్డకూ పక్షవాతం రాలేదు.

పూర్వపు టీకాదారుల పద్ధతిలోని చిక్కు ఇదే: రక్షించేదే సోకగలగడం. మురుగును నిరంతరం పరీక్షించే ఏర్పాటు ఉన్నందువల్లనే వైరస్ దొరికింది; దొరికిన విషయాన్ని ప్రకటించారు కూడా. కాని పోలియో పోయిందని రెండేళ్ళ క్రితం విన్న ప్రజలకు ‘పోలియో మళ్ళీ వచ్చింది’ అన్న శీర్షికలే చేరాయి. సహజ వైరస్‌కూ టీకా వైరస్‌కూ తేడాను విప్పి చెప్పే తెలుగు రచన ఆనాడు ఎంత వెదకినా అరుదు. పారిభాషిక పదాలు లేకపోవడం కన్నా, ఈ విషయం చెబితే ప్రజలు చుక్కలనే మానేస్తారన్న భయమే అందుకు కారణమని అనుమానించవచ్చు. ఎల్లిస్ నాటి భయమే.

భద్రాచలం సంతకాలు

2009 జూలైలో నాటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో పదేళ్ళ నుండి పద్నాలుగేళ్ళ లోపు బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేశారు. పాథ్ అనే అమెరికన్ స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పథకం అది. బాలికలలో చాలామంది గిరిజన ఆశ్రమ పాఠశాలల విద్యార్థినులు. వారిలో కొందరి మరణాల వార్తలు వెలువడ్డాయి. మహిళా సంఘాలు ఆందోళన చేశాయి. 2010 ఏప్రిల్‌లో పథకం నిలిచిపోయింది.

విచారణ సంఘం ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్లు తేల్చలేదు. పురుగుమందు, నీట మునగడం వంటి కారణాలు బయటపడ్డాయి. ఈ విషయం స్పష్టంగా చెప్పాలి. ఎందుకంటే ‘టీకా వేసి గిరిజన పిల్లలను చంపారు’ అన్న వాక్యం నేటికీ చలామణిలో ఉంది. కాని సమ్మతి పత్రాల కథ వేరు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 పత్రాలలో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాలపై సంతకం చేసినవారు హాస్టల్ వార్డెన్లు. తల్లిదండ్రులు ఊళ్ళో ఉండగా వార్డెన్ సంతకం సమ్మతి ఎలా అవుతుంది? వేలిముద్ర వేసినవారికి ఆ కాగితంలో ఏమున్నదో ఎవరు, ఏ భాషలో చదివి వినిపించారు? కోయ తల్లికి తెలుగు కాగితమే పరాయిది.

గుర్తు పడింది, టీకా లేదు. ఈ దేశంలో హెచ్‌పీవీ టీకా విస్తృత ప్రవేశం దశాబ్దానికి పైగా వెనుకబడడానికి ఈ ఘటన రేపిన అపనమ్మకం ఒక ముఖ్య కారణం. ఈలోగా ఇతర దేశాలలో ఆ టీకా సురక్షితమని, క్యాన్సర్‌ను నిజంగానే తగ్గిస్తుందని రుజువైంది. ఆ ఏళ్ళలో టీకా అందక పెరిగిన బాలికలు నేడు యువతులు. నష్టపోయింది సంతకాలు చేయించినవారు కాదు.

ఇలాంటిదే, తక్కువ తీవ్రతతో, 2021 జనవరిలో జరిగింది. హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్‌కు మూడవ దశ పరీక్షల ఫలితాలు వెలువడకముందే అత్యవసర అనుమతి లభించింది. ‘క్లినికల్ ట్రయల్ పద్ధతిలో’ అన్న షరతు అర్థమేమిటో సామాన్యుడికి చెప్పినవారు లేరు. టీకా మంచిదేనని తరువాతి ఫలితాలు చూపాయి. మొదటి వారాలలో వైద్య సిబ్బంది సైతం వెనుకాడినది మందును చూసి కాదు, తొందరను చూసి.

టీకా లేని రోగం

చివరగా కరీంనగర్ జిల్లాలో మరువరాని ఒక వేసవి ముగింపు గురించి. 2003 జూన్ నుండి ఆగస్టు వరకు నాటి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకు హఠాత్తుగా జ్వరం, మూర్ఛలు, కోమా వచ్చేవి. చాలామంది ఒకటి రెండు రోజులలోనే మరణించారు. కరీంనగర్, వరంగల్ జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. తొమ్మిది నెలల నుండి పద్నాలుగేళ్ళ వయసు గల 329 మంది పిల్లలకు వ్యాధి సోకితే 183 మంది చనిపోయారు. తొలుత మెదడువాపుగా, అంటే జపనీస్ ఎన్సెఫలైటిస్‌గా భావించారు. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షించి చాందీపురా వైరస్ అని తేల్చింది. 1965లో నాగ్‌పూర్ దగ్గరి చాందీపురా గ్రామంలో మొదట గుర్తించినందువల్ల దానికి ఆ పేరు. మట్టి గోడల పగుళ్ళలో, పశువుల కొట్టాలలో పెరిగే ఇసుక ఈగ దానిని మోస్తుంది. రోగులలో అత్యధికులు పల్లెటూరి పేద పిల్లలు.

సగానికి పైగా రోగులను చంపిన ఈ వ్యాధికి నేటికీ అనుమతి పొందిన టీకా లేదు. పుణే శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో ఒక నమూనా టీకా తయారుచేసి ఎలుకలపై పరీక్షించారు. అది మార్కెట్టుకు రాలేదు. హుస్నాబాద్ నుండి బస్సులో కొన్ని గంటలు ప్రయాణిస్తే చేరగల హైదరాబాద్‌లో, ప్రపంచ దేశాలకు కోట్లాది మోతాదుల టీకాలు పంపే కర్మాగారాలున్నాయి. అతిసారానికి కారణమయ్యే రోటా వైరస్‌పై అక్కడ చేసిన టీకా 2016లో ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాలతో మొదలై జాతీయ కార్యక్రమంలో చేరింది. అరుదుగా, చెదురుమదురుగా, కొనుగోలు శక్తి లేనివారికి వచ్చే రోగానికి టీకా చేయడం ఏ కర్మాగారానికీ గిట్టదు. టీకాల లోపాల గురించి మాట్లాడేవారు సూది వల్ల కలిగే కీడును లెక్కిస్తారు. తయారుకాని సూది ఆ లెక్కలోకి రాదు. 2024 వర్షాకాలంలో గుజరాత్‌లో అదే వైరస్ మళ్ళీ పిల్లల ప్రాణాలు తీసింది. వైద్యులు చెప్పగలిగిన నివారణ ఇరవై ఏళ్ళ క్రితం కరీంనగర్‌లో చెప్పినదే: గోడల పగుళ్ళు పూడ్చండి, మందు చల్లండి, పిల్లలను దోమతెరలో పడుకోబెట్టండి. గుమ్మానికి వేపమండలు కట్టే అలవాటును మాత్రం ఎవరూ చెప్పకుండానే ఆ ఊళ్ళు కొనసాగిస్తున్నాయి.